వెండి టీ సెట్టు మీద ఎర్రమచ్చ

ఆ టీ సెట్టు మా ఇంట్లో ఉన్న తొమ్మిది రోజులూ నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. కూర తరుగుతూ మధ్యలో లేచి వచ్చి, దాని మీద కప్పిన తువ్వాలు ఎత్తి చూసేదాన్ని. కిటికీలోంచి ఎండ పడుతోందని బల్లను ఇటు జరిపేదాన్ని. హీటరు గాలి తగులుతోందని మళ్ళీ అటు జరిపేదాన్ని.

మాది అప్పుడు అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన ప్రాజెక్టును మూడు నెలలకోసారి పొడిగించేవారు. ఎప్పుడు ఏ ఊరికి మూట కట్టాలో తెలియదు కనుక బరువైన సామానేదీ కొనుక్కోలేదు. ఒక మడత బల్ల, నాలుగు మడత కుర్చీలు, నేల మీద పరుపులు. ఆ మడత బల్ల మీద పెద్ద పళ్ళెం, పళ్ళెంలో అయిదు పాత్రలు: పొడుగు ముక్కు కాఫీ పాత్ర, పొట్ట ఉబ్బిన టీ పాత్ర, చక్కెర గిన్నె, పాల చెంబు, మూత లేని మరో గిన్నె. మాది కాని ఆ సామాను ముందు మా ఇల్లు మరీ ఖాళీగా కనిపించేది.

అది ఎవరిదో, మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే లైబ్రరీ దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి మేము అమెరికా వచ్చి మూడేళ్ళయింది. నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది, చదువు అక్కడే ఆగిపోయింది. పగలంతా రెండు గదుల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ ఉంటే కార్పెట్ మీద కాలిబాట పడుతుందేమో అనిపించేది. డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చిన వారంలోనే పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాను. ఈరోజు నాకు తెలిసిందేదైనా ఉంటే అది అక్కడ తెలిసిందే. ఇది చదువు, అది చదవకు అని నాకెవరూ చెప్పలేదు. ఒక అర పట్టుకుంటే దాని చివరిదాకా వెళ్ళేదాన్ని. మొదటి చలికాలం పక్షులు. రెండో చలికాలం వంతెనలు. మూడో ఏడాది, పెద్ద సైజు పుస్తకాలు పడుకోబెట్టి ఉండే అరలో వెండి సామాను దొరికింది. పక్కన నిఘంటువు, ముందు పొడుగాటి నోటు పుస్తకం. తెలియని మాట వచ్చినప్పుడల్లా రాసుకుంటూ, ఒక పుస్తకానికి రెండు వారాల చొప్పున చదివాను. కాలేజీ చదివినవాళ్ళ దగ్గర కూడా ఈ సంగతి తలెత్తుకునే చెబుతాను.

ఇంగ్లండులో రెండు మూడు వందల ఏళ్ళ కిందట టీ ఆకు ఎంత అపురూపమంటే, దాన్ని తాళం వేసే పెట్టెలో దాచేవారు. తాళంచెవి ఇంటి ఇల్లాలి నడుముకు ఉండేది, పనివాళ్ళ చేతికి ఇచ్చేది కాదు. తొలినాటి టీ పాత్రలు పిడికిలంత చిన్నవి. కప్పులో తేలే ఆకు నలుసులు తీయడానికి చిల్లుల గరిటె వేరే ఉండేది. వెండికి వేడి ఎక్కి చెయ్యి కాలకుండా, పాత్రకూ దాని పిడికీ మధ్య ఏనుగు దంతపు బిళ్ళలు రెండు సన్నగా కోసి పెట్టేవారు. సంపన్నులు తమ కుటుంబం బొమ్మ గీయించుకుంటే టీ సామాను కూడా బొమ్మలో పడాల్సిందే, పిల్లల్లాగే. అలాంటి బొమ్మలో ఒక దొరసాని కట్టుకున్న పూల గుడ్డ మా కోస్తా నుంచి, బందరు రేవు మీదుగా ఓడలో వెళ్ళిన రకమని ఒకరోజు చదివాను. బందరు మా అత్తయ్య ఊరు. కుర్చీలోంచి లేచాను. ఎవరికైనా చెప్పకుండా ఉండలేక లైబ్రరీ అంతా ఒక చుట్టు తిరిగాను. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. చివరికి ముందు హాల్లో పాత పుస్తకాలు అమ్మే బల్ల వెనక కూర్చున్న ముసలావిడకి చెప్పాను.

ఆమె అల్లిక సూదులు పక్కన పెట్టి మొత్తం విన్నది. "ఆ ఊరు పేరు మళ్ళీ చెప్పు," అంది. చెప్పాను. పలికి చూసుకుంది.

అలా పరిచయం. భర్త కార్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి పోయాడు. పేరు పెట్టి పిలవమంది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు. "ఆంటీ అంటాను," అన్నాను. "నాకు మేనకోడళ్ళు లేరు. అలవాటు చేసుకుంటాలే," అంది. ఆ తరువాత మంగళవారం మంగళవారం ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. నా మూడేళ్ళ అమెరికాలో నేను చదివినదాన్ని కూర్చుని విన్న మనిషి ఆమె ఒక్కతే.

ఒక మంగళవారం ఆమె అద్దాల బీరువా తీసి ఈ టీ సెట్టు చూపించింది. వాళ్ళ అత్తగారిది. టీ పాత్రను తిరగేసి అడుగు చూశాను. నాలుగు చిన్న ముద్రలు వరుసగా, ఒకదానిలో నిలబడ్డ జంతువు. అసలు వెండికి ఇంగ్లండులో అలాగే వరుసగా ముద్రలు వేస్తారని, అందులో ఒకటి సింహమని చదివి ఉన్నాను.

"ఇది నికార్సయిన వెండి, ఆంటీ."

"నిజంగానా? మా అత్తగారు అలాగే అనేది. ఆవిడ చాలా అనేదిలే. నీకు ఖాయమేనా?"

"ఖాయం. ఈ విషయం మీద పదకొండు పుస్తకాలు చదివాను."

ఆ జంతువు సింహమో కాదో భూతద్దం పెట్టి చూడాలని కూడా నాకు తోచలేదు.

ఆమె లేచి వెళ్ళి ఒక పసుపు కాగితం వేలికి అంటించుకుని వచ్చింది. వేసవిలో ఆమె ఇల్లు అమ్మి, పెద్దవాళ్ళు ఉండే చిన్న వాటాలోకి మారుతోంది. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఏ కూతురిదో రాసిన పసుపు చీటీ ఉంది. నిలువెత్తు గడియారం, పియానో పెద్ద కూతురివి. చిన్న కూతురి పేరున్న చీటీలు తక్కువ, అవీ దీపాలకూ దుప్పట్లకూ. ఇప్పుడు చిన్నమ్మాయి పేరు రాసిన చీటీని టీ పాత్ర అడుగున అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమింది.

"ఇదే నన్ను పొడుస్తూ ఉంది ఇన్నాళ్ళూ. గడియారం దానికిస్తే దీనికేమిటని. అసలు వెండి అయితే సరితూగుతుంది. ఇప్పుడు సమానమైంది."

ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది. మే నెలలో వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళ టీ పార్టీ జరుగుతుంది. పొడుగు బల్లకు ఒక చివర కాఫీ, రెండో చివర టీ. రెండు చివర్లా ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని వచ్చినవాళ్ళకు పోస్తారు. ఆ కుర్చీ అడిగితే ఇచ్చేది కాదు, పిలిచి ఇచ్చేది. ఒక్కోసారి పాతిక ముప్పై ఏళ్ళు చర్చికి వచ్చినా పిలుపు రాదట. కాఫీ వైపు తను కూర్చుంటుంది. టీ వైపు నేను. దానికి ముందు వెండి గురించి పది నిమిషాలు మాట్లాడాలి.

సెట్టును మా ఇంటికి పంపింది అందుకే. "మెత్తటి గుడ్డతో తుడిచి పట్టుకురా. చెక్కిన గీతల్లో నలుపు ఉండనీ, అది పోతే పువ్వులు కనపడవు," అంది.

అప్పుడు మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు, ఆర్నెల్లకని వచ్చి. సెట్టు వచ్చిన రెండోరోజు ఉదయం తువ్వాలు తీసి, టీ పాత్రను చేతిలోకి తీసుకున్నారు.

"అమ్మాయ్, ఇది వెండేనా?"

"నికార్సయిన వెండి, అత్తయ్యా."

"బరువేదీ?" పాత్రను రెండుసార్లు ఎగరేసినట్టు ఆడించి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నారు. "గొంతు కూడా తేడాగానే ఉంది."

"మీకు తెలిసింది మన వెండి. ఇది ఇంగ్లీషు వెండి. పద్ధతే వేరు. పుస్తకాల్లో ఉంది."

"అలాగా. ఇంగ్లీషు వెండి సన్నగా మాట్లాడుతుంది కాబోలు." పాత్ర కింద పెట్టారు. "సరేలే, చదువుకున్నదానివి. అయినా టీకి అయిదు పాత్రలేమిటే? మనం ఒక్క గిన్నెలో పడేసి కాచేస్తాం."

అడిగారు కదా అని నేను నోటు పుస్తకం తెచ్చుకుని ఒక్కొక్కటే చెప్పాను. ఆఖర్న మూతలేని గిన్నె. "టీ చల్లారిపోతే, కప్పు అడుగున మిగిలింది ఇందులో ఒంపేస్తారు. ఆకు నలుసులూ అవీ. కప్పును వేణ్ణీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళూ ఇందులోనే. తరవాత మళ్ళీ వేడి టీ పోస్తారు."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అంటే తాగి వదిలిందా?"

"అవును."

"ఎంగిలా?"

"అదే, మిగిలింది."

"అందరిదీనా?"

"అందరిదీ."

"ఆ గిన్నె పాల చెంబు పక్కనే, అదే పళ్ళెంలోనా?"

"వెండిదేగా, అత్తయ్యా."

"బంగారమైతే మాత్రం?"

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఆ గిన్నె లేని సెట్టును పూర్తి సెట్టుగా లెక్కవేయరని, గొప్పవాళ్ళ ఇళ్ళలో కూడా అది అతిథుల ఎదురుగానే ఉండేదని, మా ఆంటీ వాళ్ళ అత్తగారి కాలం నుంచి ఎంతోమంది కప్పులు అందులో ఒంపి ఉంటారని, చదివిందీ ఊహించిందీ కలిపి చాలాసేపు చెప్పాను. అత్తయ్య పళ్ళెం వంకే చూస్తూ విన్నారు. బాగా వింటున్నారనుకున్నాను.

మూడోరోజు లైబ్రరీకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా చింతపండు వాసన. వంటింటి గట్టు మీద అయిదు పాత్రలు బోర్లించి ఉన్నాయి, ఆ పూటే కొట్లోంచి తెచ్చినట్టు మెరుస్తూ. అత్తయ్య చెంగుతో చేతులు తుడుచుకుంటున్నారు. చంటిపిల్లకు తలంటి పోసి వచ్చినప్పుడు ఉండే తృప్తి మొహంలో.

"ముందు చింతపండు, తరవాత విభూతి. అయినా పోకపోతే ఆ పచ్చ పీచుతో గట్టిగా పట్టాను. ఎన్నేళ్ళ ఎంగిలో, ఏం తల్లో. గీతల్లో నలుపు మొత్తం పిన్నీసుతో తీశాను. నీకు కళ్ళు నొప్పి పెట్టేవి."

నేను టీ పాత్రను తిప్పి చూశాను. పొట్ట ఉబ్బిన చోట, ముక్కుకు కాస్త పక్కగా, అర్ధరూపాయంత మచ్చ. ఎర్రగా ఉంది. గుడ్డతో రుద్దాను. ఇంకాస్త ఎర్రగా కనిపించింది.

"అదే నీకు చూపిద్దామనుకుంటున్నాను," అన్నారు అత్తయ్య. "లోపల రాగి. నిన్న చేత్తో పట్టుకున్నప్పుడే అనుకున్నా. ఇది గిల్టు అమ్మాయ్. పూత."

"మీరు అలా పీచుతో తోమబట్టి అలా అయింది."

"వెండిని తోమితే కింద వెండే కనబడుతుంది. అరిగేదాకా తోమినా వెండే."

సాయంత్రం దాకా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ ఇంట్లో తిరిగాను. మా ఆయన వచ్చి, మచ్చ చూసి, ఒక్క నిమిషంలో తేల్చేశారు.

"అమ్మ తోమింది, పోయింది. సారీ చెప్పేసెయ్. అక్కడితో క్లోజ్."

"అసలు అది వెండే కాకపోతే?"

"ఆవిడ ఇప్పుడు అడిగిందా నిన్ను?"

"చిన్న కూతురికి అదే ఇస్తోంది, గడియారానికి బదులుగా. నా మాట మీద."

"అది వాళ్ళ ఫ్యామిలీ మేటర్. వచ్చే నెల మనం ఇక్కడ ఉంటామో టెక్సాస్‌లో ఉంటామో. నువ్వు లైట్ తీసుకో."

మర్నాడు లైబ్రరీ తలుపు తీయకముందే కార్లో కూర్చుని ఉన్నాను. తలుపు తీయగానే పెద్ద పుస్తకాల అరకు వెళ్ళాను. నేను నమ్మిన పుస్తకంలోనే చివరి అధ్యాయం పూత సామాను గురించి. మొదటిసారి చదివినప్పుడు దాని తలకట్టు చూసి, చవక సరుకు మనకెందుకని పుస్తకం మూసేశాను. అది బాగా గుర్తుంది. ఎందుకంటే ఆ రోజు ఒక పుస్తకం పూర్తయిందని నోటు పుస్తకంలో గీత గీసుకున్నాను. ఇప్పుడు అదే అధ్యాయం తీస్తే మూడో పేజీలో బొమ్మ: నాలుగు చిన్న ముద్రలు వరుసగా. పూత సామాను చేసేవాళ్ళు అసలు వెండి ముద్రల్లా కనిపించేటట్టు అలా వేసేవారట. పైపైన చూసేవాళ్ళు మోసపోతారని కూడా రాసి ఉంది. ఆంటీ ఇంట్లో నేను పైపైనే చూశాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టాను. జంతువు సింహం కాదు, జీను లేని గుర్రం.

ఆ మధ్యాహ్నం ఆంటీకి ఫోన్ చేశాను. నిజం చెప్పాలనే చేశాను. ఆమె గొంతు వినగానే మాట మారిపోయింది.

"ఆంటీ, మా అత్తయ్య తెలియక గట్టిగా తోమారు. ఒకచోట మచ్చ పడింది."

"అయ్యో, పాపం ఆమె చాలా బాధపడుతోందా?"

"అవును," అన్నాను.

అత్తయ్య నా ఎదురుగా మడత కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు, ఏదో పాట సన్నగా పాడుకుంటూ.

అయిదోరోజు పదకొండింటికి ఆంటీ తనే కారు నడుపుకుంటూ వచ్చేసింది, చేతిలో నిమ్మకాయ కేకుతో. నన్ను దాటుకుని సూటిగా అత్తయ్య దగ్గరకు వెళ్ళి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు పెద్దగా, నెమ్మదిగా చెప్పింది: "నాకు కోపం లేదు. మీరు సాయం చేయబోయారు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను కూడా మా అత్తగారి లేసు బల్లగుడ్డను ఉడకబెట్టి నాశనం చేశాను. దయచేసి మనసు కష్టపెట్టుకోకండి."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"కేకు మీకోసం తెచ్చారట," అన్నాను తెలుగులో.

"అంతసేపు మాట్లాడింది కేకు గురించేనా?"

"క్షమించానని కూడా చెప్పు," అంది ఆంటీ.

"ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు."

అత్తయ్య నవ్వుతూ ఆంటీకి తల ఊపి, ఆ నవ్వు చెదరకుండానే నాతో అన్నారు: "అమ్మాయ్, నాకు ఇంగ్లీషు రాదు గాని మొహాలు తెలుస్తాయి. ఇంట్లో ఎవరో పోయినట్టు నా చేతులు పట్టుకుంది. నా మీద ఏం చెప్పావు?"

పళ్ళేలు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను. వట్టి చేతులతో తిరిగొచ్చాను. చాకు తెస్తానని మళ్ళీ వెళ్ళాను. వచ్చేసరికి ఆంటీ టీ పాత్రను ఒళ్ళో పెట్టుకుని మచ్చ మీద వేలితో రాస్తోంది.

"ఇది పెద్ద విషయం కాదు. వెండి బాగుచేసేవాళ్ళకు ఇస్తే కలిపేస్తారు. నిన్ననే చిన్నదానికి ఫోన్ చేసి చెప్పాను, వెండి నీదే అని. గడియారం గొడవ మొదలైనప్పటి నుంచి అది నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. నిన్న గంటసేపు మాట్లాడింది."

చాకు బల్ల మీద పెట్టాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"ఆంటీ, అది వెండి కాదు. రాగి మీద వెండి పూత. చేసిన రోజు నుంచీ అంతే. మా అత్తయ్య పూత గీకారు, అది నిజం. కానీ లోపల రాగి ఉండటం ఆమె తప్పు కాదు. సరిగా చూడకుండా ఖాయమని చెప్పింది నేను. నిన్న ఫోన్లో తప్పంతా ఆమె మీద పడేటట్టు చెప్పాను."

తరువాత తెలుగులో అత్తయ్యకు చెప్పాను. "మీరు పాడుచేశారని చెప్పాను. నేను పొరబడ్డానని చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పావా?"

"చెప్పాను."

"నేను తోమిన మాట?"

"అదీ చెప్పాను."

"ఆఁ, అది ఉండాలి. తోమింది నేనే కదా. లేకపోతే అదింకో అబద్ధం." అని చాకు అందుకుని, కేకు దగ్గరకు జరుపుకున్నారు. ఆంటీ మొహం చూసి మళ్ళీ కింద పెట్టేశారు.

ఆంటీ పాత్రను తిరగేసి, అడుగున ఉన్న పసుపు చీటీని గోటితో లాగింది. సగమే వచ్చింది. మిగతా సగం అంటుకునే ఉంది.

"పదకొండు పుస్తకాలన్నావు."

"పదకొండే. ఒకదాంట్లో చివరి అధ్యాయం వదిలేశాను."

ఆమె నవ్వలేదు. "నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది," అంది. మళ్ళీ తనే అంది: "కాదు. బాగుండేది కాదు." లేచి కోటు వేసుకుంది. "టీ పార్టీకి చిన్నది వస్తోంది. నీ మాట నేను దానికి చేరవేశాను. ఈ మాట నేను చేరవేయను. నీ ఉపన్యాసం ఉంది కదా. నువ్వే చెప్పు, అందరి ముందూ."

"నేను టీ పోయడం..."

"అది తరవాత చూద్దాం." సెట్టును వదిలేసి వెళ్ళింది. కేకును కూడా.

మిగిలిన నాలుగు రోజులూ ఆ వదిలేసిన అధ్యాయాన్నే చదివాను. కాపీ తీయించుకుని ఇంట్లో చదివాను, పార్కింగ్ లాట్‌లో చదివాను, అన్నం వారుస్తూ చదివాను. మా ఆయన "ఇంటర్వ్యూకి కూడా నేనింత ప్రిపేర్ అవ్వలేదు," అన్నారు. వెళ్ళకుండా ఉండడానికి రోజుకో కారణం తోచేది. జ్వరం అనొచ్చు. కారు స్టార్ట్ కాలేదనొచ్చు. అత్తయ్యకు ఒంట్లో బాగాలేదు అనొచ్చు, అని కూడా ఒక క్షణం అనిపించింది. ఆమె వైపు చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. పదోరోజు పొద్దున అత్తయ్య తనే నేత చీర కట్టుకుని, పాత్రల్ని ఒక్కొక్కటే పాత చీరముక్కల్లో చుట్టి పెట్టెలో సర్ది, గుమ్మం దగ్గర నిలబడ్డారు.

చర్చి హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. తెల్ల బల్లగుడ్డ, రెండు చివర్లా రెండు కుర్చీలు. ఆంటీ తల ఊపి పలకరించిందే గాని మాట్లాడలేదు. వెనక వరసలో వానకోటు విప్పకుండా కూర్చున్న ఒకామెకు అచ్చం ఆంటీ చుబుకమే ఉంది, చిన్న కూతురై ఉంటుంది. నేను టీ పాత్రను పట్టుకుని నిలబడి, రాసుకున్న కాగితాన్ని చూడకుండా మొదటి మాట చెప్పాను.

"ఇది వెండి కాదు. వెండి అని నేను ఆంటీకి చెప్పాను. చూడాల్సినట్టు చూడకుండా చెప్పాను. ఇదిగో రాగి."

మచ్చను అందరికీ చూపించాను. వెనక వరస దాకా పాత్రను ఎత్తి పట్టుకున్నాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని చెప్పుకుంటూ పోయాను. కరెంటుతో పూత పూయడం తెలిశాక, దొరల ఇళ్ళలోని టీ బల్ల గుమాస్తాల ఇళ్ళకూ, బడిపంతుళ్ళ ఇళ్ళకూ, రైలు గార్డుల ఇళ్ళకూ వచ్చిందని. అదే పళ్ళెం, అవే అయిదు పాత్రలు. వారానికొకసారి తుడవగా తుడవగా పూత పల్చబడేదని, ముందు అరిగేది చెయ్యి ఎక్కువ తగిలే చోటేనని. ఇంకొకటి పుస్తకంలో లేదు, మా అత్తయ్య పాత్రలు చుడుతుంటే తోచింది, అదీ చెప్పాను. మా ఊళ్ళలో పాత వెండిని ఉంచుకోం. బరువు తూచి ఇచ్చేసి కొత్తది చేయించుకుంటాం. మా అత్తయ్య అమ్మమ్మ కంచం ఇప్పుడు ఎవరింట్లో గ్లాసుగా ఉందో ఎవరికీ తెలియదు. ఈ సెట్టు అసలు వెండి అయి ఉంటే ఎప్పుడో ఎవరో కరిగించేసేవారేమో. రాగి కాబట్టి ఇంతదూరం వచ్చింది.

పది నిమిషాలు అయ్యాయో లేదో తెలియదు. ముందు వరసలో ఒకామె పక్కామెతో, "మా ఇంట్లోదీ అడుగున ఎర్రగానే ఉంటుంది, నేనేమో తుప్పనుకున్నాను," అంది. కొందరు నవ్వారు. వెనక వరసలో వానకోటు ఆమె నవ్వలేదు.

నేను పక్కకు తప్పుకోబోయాను. ఆంటీ కాఫీ చివర కూర్చుంటూ, చేత్తో టీ కుర్చీ వైపు చూపించింది. వెళ్ళి కూర్చున్నాను. టీ పాత్ర మచ్చ నా వైపు తిప్పి పెట్టుకున్నాను. వచ్చేవాళ్ళకు మెరుపే కనిపిస్తుంది, నాకు ఎరుపు.

"పాలా, నిమ్మకాయా?" ఒకరి తరువాత ఒకరిని అడుగుతూ పోశాను. వానకోటు ఆమె వంతు వచ్చింది.

"పాలా, నిమ్మకాయా?"

"ఏదీ వద్దు. మచ్చ ఎటువైపుంది?"

పాత్రను తిప్పాను. ఆమె వంగి చూసింది.

"ఆరోజు ఫోన్లో గంటసేపు మాట్లాడాను. వెండి వస్తోందనే మాట్లాడానని అనుకుందా మా అమ్మ?"

"నాకు తెలియదు," అన్నాను. నిజంగా తెలియదు.

ఆమె కప్పు తీసుకుని బల్ల వెంబడే నడిచి కాఫీ చివరకు వెళ్ళింది. తల్లి పక్కన నిలబడి ఏదో అంది. ఆంటీ తలెత్తకుండా ఎవరికో కాఫీ పోస్తూనే జవాబు చెప్పింది. మధ్యలో జనం. ఒక్క మాటా వినపడలేదు. కూతురు మళ్ళీ ఏదో అంది. ఈసారి ఆంటీ కాఫీ పాత్ర కింద పెట్టింది. నేను అటే చూస్తూ పోస్తున్నాను.

"చూసి పొయ్యి, అమ్మాయ్. సాసర్లోకి పోతోంది."

ఎదురుగా అత్తయ్య, చేతిలో ఖాళీ కప్పు. అడుగున కాసిన్ని నలుసులు. "ఇంకొంచెం తాగుదామని. ఇది ఎందులో పారబోయాలి?"

నేను మూతలేని గిన్నె వైపు చూశాను. అత్తయ్య కూడా దాని వంక చూశారు. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. చెంగు తగలకుండా చేత్తో పట్టుకుని, కప్పు ఎత్తిపెట్టి ఒంపారు.

"ఎంత తోమానే దీన్ని," అన్నారు. కప్పు నా ముందుకు జరిపారు. "పాలు ఎక్కువ పొయ్యి."

అక్కడి పద్ధతి ప్రకారం అరగంటయ్యాక ఇంకొకామె వచ్చి కుర్చీ తీసుకోవాలి. అరగంట దాటింది. ఎవరూ రాలేదు. నన్ను లేవమంటారేమో, మర్చిపోయారేమో అని సగం లేచి ఆ చివరకు చూశాను. కూతురు ఒక కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చుని ఉంది, వానకోటు ఇంకా విప్పలేదు. ఆంటీ నన్ను చూసింది. అరచెయ్యి కిందకు రెండుసార్లు ఊపింది, కూర్చో అన్నట్టు.

కూర్చున్నాను. బల్లగుడ్డ కింద నా కాలు మాత్రం ఆడుతూనే ఉంది.